‘దేశి సరుకుల నమ్మవలెనోయ్’: నకారం ఎవరిది?

సీమచింత: గురజాడ దేశభక్తి గేయంలో ఒక చోట ముల్లులా గుచ్చుకుంటోంది.

అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్
దేశి సరుకుల నమ్మవలెనోయ్

స్వేచ్ఛా వాణిజ్యం, సంప్రదాయవాదం ఒక ఒరలో ఇముడుతాయా అన్న వాదంలో ఇద్దరు ఇదే పాదాన్ని చెరో వైపు లాగారు. ‘దేశి సరుకునే నమ్ముకోవాలి’ అని ఒకరు, ‘దేశదేశాలా అమ్ముకోవాలి’ అని ఇంకొకరు. నకారం సరుకులదా, క్రియదా?

ద్రుతం: సరుకులదే అండీ. సరుకులన్ + అమ్మవలెన్. అదే చరణం ఆఖరి పాదం చూడండి: ‘కీర్తి సంపద లబ్బవోయ్’. అక్కడ సంపదలు + అబ్బవు అని అందరం విడదీస్తాం. ఇక్కడా అదే పద్ధతి. పైగా నడుమ ‘డబ్బు తేలేనట్టి నరులకు’ ఉంది. డబ్బు తెచ్చేది అమ్మకం.

ముత్యాలసరం: ఛందస్సు మీకు సాక్ష్యం రాదు. దేశి 3, సరుకుల 4, నమ్మ 3, వలెనోయ్ 4. ఎలా విడదీసినా 14 మాత్రలే. వ్యాకరణమూ రెండో తలుపు మూయలేదు: ‘మాటల నమ్మకు’ అంటాం కదా, ద్వితీయలో ‘ను’ లేకుండానే. పాడితే విరుపు ‘సరుకుల’ తర్వాతే పడుతుంది, చెవిన పడేది ‘నమ్మ’.

ద్రుతం: విరుపే అర్థం చెబితే ‘లబ్బు’ అని ఒక కొత్త క్రియను పుట్టించాలి మాస్టారూ.

పాతబందరు: గేయం 1910 నాటిది. అప్పటి సుంకాలు చూడకుండా ఈ పాదం తెగదు. 1882లో దిగుమతి నూలుబట్ట మీద సుంకం ఎత్తేశారు. 1894లో మళ్లీ వేసి, 1896లో 3.5 శాతానికి దించారు. దించి ఊరుకోలేదు, ఇక్కడి మిల్లుబట్ట మీదా అంతే 3.5 శాతం ఎక్సైజు వేశారు, ఇంగ్లండులోని లాంకషైరు బట్టమిల్లులు నష్టపోకుండా. స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో మనకు దక్కింది ఇదీ. అయినా కవి తలుపులు మూయమనలేదు. ముందు చరణంలో ‘జల్దుకొని కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు నించవోయ్’ అన్నాడు. నేర్చుకోవడం, నించడం, ఆ తర్వాతే అమ్మడం. ఆ వరసే నాకు ముఖ్యం.

దేశాలు క్రమ్మిన సరుకు మనకు కొత్తా? బందరు రేవు నుంచి అద్దకం బట్ట పర్షియాకీ యూరప్‌కీ వెళ్లింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో అద్దకపు నూలుబట్ట దిగుమతిని అడ్డుకుంది, మళ్లీ ఎగుమతి చేసేదానికి మాత్రం మినహాయింపు. 1721లో చాలా రకాల అద్దకం బట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది. పనితనం ఎంత ఉన్నా అవతలి రేవు తెరిచి ఉండాలి.

గోదారిగట్టు: అసలు ప్రశ్నకొద్దాం. బ్రిటన్ టోరీలు, అంటే అక్కడి సంప్రదాయవాద పార్టీవాళ్లు, 1846లో దిగుమతి ధాన్యం మీది సుంకాల దగ్గరే చీలారు. రద్దు చేసింది వాళ్ల ప్రధాని పీల్, ఎదురు ఓటేసింది వాళ్ల సభ్యుల్లో ఎక్కువమంది. 1879లో టోరీల వైస్రాయి లిట్టన్ తన కౌన్సిలులో మెజారిటీని కాదని ముతక నూలుబట్ట మీద సుంకం తీసేశాడు. 1903లో అదే శిబిరం నుంచి జోసెఫ్ చేంబర్లేన్ మళ్లీ సుంకాలు కావాలన్నాడు. కాబట్టి సంప్రదాయవాదానికి వాణిజ్యం మీద స్థిర సిద్ధాంతం లేదు. ఏ బతుకుతీరును కాపాడాలనుకుంటారో దాన్నిబట్టి సుంకం.

మన దగ్గరా అంతే. 1959లో రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీ, మన ఎన్.జి. రంగా అధ్యక్షుడుగా, సంప్రదాయాన్నీ లైసెన్సుల్లేని వ్యాపారాన్నీ కలిపి మోసింది. 1991లో పుట్టిన స్వదేశీ జాగరణ్ మంచ్ సంప్రదాయం కోసమే తలుపు దగ్గర కాపలా ఉండాలంది.

తరాజు: ‘నమ్మ’ సంగతి సరే, ‘దేశి’ అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. కస్టమ్సు దగ్గర మొదటి తగాదా అదే. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకు 2010లో అమలైన వాణిజ్య ఒప్పందంలో మామూలు సూత్రం: ఓడకెక్కించే ధరలో కనీసం 35 శాతం విలువ ఒప్పంద దేశాల్లో చేరాలి, దాంతోపాటు సరుకు ఏ రకమో చెప్పే ఆరంకెల సుంక సంఖ్య కూడా, ముడిసరుకు సంఖ్య నుంచి మారాలి. పెట్టె మార్చి చీటీ అంటిస్తే అక్కడిది అయిపోదు. మూడో దేశపు సరుకు ఈ దారిన తక్కువ సుంకంతో దూరుతుందనే 2020 సెప్టెంబరు 21 నుంచి నిబంధన బిగించారు. సరుకు ఏ దేశానిదో చెప్పే మూల ధ్రువపత్రం ఒక్కటే చాలదు, తయారీ వివరాలు కూడా దిగుమతిదారు దగ్గర ఉండాలి, అయిదేళ్లు దాచాలి. సంప్రదాయాన్ని గుర్తించే చట్టం అమ్మకానికీ పనికొస్తుంది, గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు లేదూ?

ముత్యాలసరం: నేననేదీ అదే. ఆ ధ్రువపత్రం నమ్మకం కాక మరేమిటి? నమ్మితేనే అమ్ముడవుతుంది. గురజాడ రెండూ వినిపించాడు.

ద్రుతం: శ్లేష ఉంటే రెండర్థాలూ చరణానికి అతకాలి. ‘అన్ని దేశాల్ క్రమ్మి’ ఎవరు ఎవర్ని నమ్మాలి?

గోదారిగట్టు: నాకు ఆ గేయంలో ప్రాణం వేరే చోట ఉంది. ‘పరుల కలిమికి పొర్లి యేడ్చే పాపి’కి ఎదురుగా ఎవర్ని నిలబెట్టాడు? పుణ్యాత్ముణ్ణి కాదు, ‘నేర్పరి’ని. ‘ఒకరి మేల్ తన మేలనెంచే నేర్పరికి మేల్ కొల్లలోయ్’. 1758లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాణిజ్య అసూయ మీద రాసిన వ్యాసం సారమూ ఇదే: పొరుగు దేశం బాగుపడితే మన సరుకు కొనేవాడు పెరుగుతాడు. ఆ ఒక్క మాట కోసం గురజాడకు దండం పెట్టాలి.

తరాజు: తర్వాతి మాట కూడా చదవండి. ‘స్వంత లాభం కొంత మానుకు’. కొంత! సుంకాల బేరమంతా ఆ ‘కొంత’ దగ్గరే. 2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల నుంచి మన దేశం తప్పుకున్నప్పుడు, పాడి రైతు విషయంలో ఆ ‘కొంత’ ఎంతన్నది కుదరలేదు.

సీమచింత: ద్రుతంగారి ‘సంపద లబ్బవోయ్’ నన్ను దాదాపు ఒప్పించింది. కానీ ఇంకోటి మొదలైంది. ‘క్రమ్మవలె’కి కర్త ఎవరు? సరుకులైతే అది వాణిజ్యం. మనుషులైతే వలస కూడా వచ్చి చేరుతుంది, సంప్రదాయవాదులు సరుకు కన్నా దాన్నే ఎక్కువ పట్టించుకుంటారు.

పాతబందరు: మనుషులే. ‘వలెనోయ్’ అని పిలుస్తున్నది మనిషిని.

ద్రుతం: పిలిచేది మనిషినే, క్రమ్మేది సరుకు కావచ్చు. ‘సరుకులు నించవోయ్’ అన్నప్పుడూ పిలిచింది మనిషినే కదండీ.