“దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును”: యిర్మియా 29:7లో ‘క్షేమం’ గురించి

నరసాపురం నుంచి ఒక తమ్ముడు మొన్న ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: “ఆగస్టు 15న మా సంఘంలో దేశం కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. పాస్టర్ గారు నన్ను యిర్మియా 29:7 చదివి ప్రార్థన నడిపించమన్నారు. మేమెప్పుడూ ‘దేశంలో శాంతి సమాధానాలు దయచేయండి’ అంటాం. ఇక్కడేమో క్షేమం అని ఉంది. రెండూ ఒకటేనా? ప్రార్థనలో ఏ మాట వాడితే బాగుంటుంది?”

రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే ప్రశ్న కాదు, అందుకని విడిగా రాస్తున్నాను. ముందు బైబిల్లోని ఆ వచనం పూర్తిగా చూద్దాం:

“నేను మిమ్మును చెరగొని పోయిన పట్టణముయొక్క క్షేమముకోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి, దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును.”

ఒక్క వచనంలో మూడుసార్లు క్షేమం. హిబ్రూలో ఆ మూడు చోట్లా ఉన్న మాట షాలోమ్. ఇంకో నాలుగు వచనాలు దాటితే 11వ వచనం వస్తుంది. మన జిల్లాల్లో క్రైస్తవుల ఇంటికి ఎవరింటికి వెళ్లినా గోడ క్యాలెండరు మీదో, బీరువా అద్దం మీది స్టిక్కరులోనో కనబడే వచనం: “అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు”. అక్కడా మూలంలో ఉన్నది షాలోమే. తెలుగులో ఒకచోట క్షేమమని, ఇంకోచోట సమాధానమని వచ్చేసరికి ఆ రెండు వచనాలకీ చుట్టరికం ఉందని మనకు తట్టదు. 11వ వచనం గోడకెక్కింది, 7వది పుస్తకంలోనే ఉండిపోయింది. ‘మిమ్మల్ని చల్లగా చూస్తాను’ అన్న మాట అందరికీ కావాలి. దానికి ముందు ‘మీరున్న ఊరు చల్లగా ఉండాలని చూడండి’ అన్న మాట కూడా అదే నోటితో వచ్చింది. దేశం కోసం ప్రార్థన నడిపించేవాళ్లు ఈ రెండూ కలిపి చదవాలని నా కోరిక.

అనువాదకులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. షాలోమ్ అంత వెడల్పున్న మాట తెలుగులో ఒక్కటే లేదు. కొండమీది ప్రసంగంలో “సమాధానపరచువారు ధన్యులు” అన్నచోట సమాధానమే అతుకుతుంది, ఎందుకంటే అక్కడ ఇద్దరి మధ్య తగువు ఉంది. యోహాను 14:27లో “శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను” అన్నచోట శాంతి. ఇక్కడ యిర్మియా ఒక పట్టణం గురించి మాట్లాడుతున్నాడు, అందుకే అనువాదకులు క్షేమం అన్నారు. బాగా ఎంచుకున్నారు.

ఈ రోజుల్లో శాంతి అనే మాట ఎక్కడ వినబడుతోందో చూడండి. ఎక్కడన్నా గొడవ జరిగి, పోలీసు పికెట్ పెట్టి, కొట్లు మూయించాక మర్నాడు పేపర్లో ‘ప్రస్తుతం పరిస్థితి ప్రశాంతంగా ఉంది’ అని వస్తుంది. ఆ ఊరు క్షేమంగా ఉందని మాత్రం ఎవరూ రాయరు. మనుషులు ఇళ్లలో తలుపులేసుకుని కూర్చుంటే ప్రశాంతత వచ్చేస్తుంది. క్షేమం రావాలంటే పిల్లలు బడికి పోవాలి, కూలి దొరకాలి, కొట్టు తెరవాలి, రాత్రిపూట ఒంటరి ఆడమనిషి బస్సు దిగి నడిచి ఇంటికి చేరాలి.

క్షేమం మన ఉత్తరాల మాట కూడా. నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు రాసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ‘ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను’ అనే రెండు వాక్యాలూ రాశాకే మిగతా కబురు. దాళ్వా పంట ఎలా ఉంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా, గేదె ఈనిందా, బాకీ తీరిందా, అన్నీ ఆ ఒక్క మాట కిందకే వచ్చేవి.

యిర్మియా 29వ అధ్యాయం కూడా ఉత్తరమే. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ రాజు తల్లినీ అధిపతులనీ చేతిపని వచ్చిన శిల్పకారులనీ కంసాలులనీ పట్టుకుపోయాడు. ఊళ్లో మిగిలిన ప్రవక్త యిర్మియా వాళ్లకు ఉత్తరం రాసి, రాజు పని మీద బబులోను వెళ్తున్నవాళ్ల చేతికిచ్చి పంపాడు. అప్పటికే కొందరు ప్రవక్తలు ‘రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తారు’ అని చెప్తున్నారు. ఈయన డెబ్బై ఏళ్లు అన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. ఆ తర్వాత వచ్చేది మన వచనం. మామూలు ఉత్తరంలో ‘మీరు క్షేమమా’ అని అడుగుతారు. ఈ ఉత్తరం ‘మిమ్మల్ని పట్టుకుపోయినవాళ్ల ఊరి క్షేమం చూడండి’ అంటోంది. ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ మాట ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించకుండా దీన్ని మైకులో గబగబా చదివేయకూడదు.

ఇంకొక్క సంగతి. “నేను మిమ్మును చెరగొని పోయిన” అన్న వాక్యంలో కర్త ‘నేను’. నెబుకద్నెజరు పేరు ఎత్తలేదు. మీరక్కడ ఉండటం నాకు తెలిసి జరిగిందే అని దేవుడు ఒప్పుకుంటున్నాడు.

“దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును” అన్న భాగం గోదావరి లంకల్లో పుట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు మోసినవాళ్లలో అన్ని వీధులవాళ్లూ ఉన్నారు. గట్టు తెగితే నీళ్లు ముందు ఏ వీధిలోకి పోవాలని అడగవు కదా.

తమ్ముడూ, నా జవాబు ఇది: దేశం కోసం చేసే ప్రార్థనలో క్షేమం అనే మాట పెట్టు. శాంతి, సమాధానం కూడా ఉండనీ.

—

అమలాపురం నుంచి ఒక సభ్యుడు: నమస్కారం మాస్టారూ. నేను క్రైస్తవుణ్ణి కాదు, సంస్కృతం చెప్పుకునేవాణ్ణి. గీతలో ‘యోగక్షేమం వహామ్యహమ్’ అనే మాట ఉంది, ఎల్ఐసీ గుర్తు మీద కూడా చూసే ఉంటారు. పెద్దలు దానికి చెప్పే అర్థం: లేనిది సమకూరడం యోగం, ఉన్నది పోకుండా నిలవడం క్షేమం. అందుకే మనవాళ్లు ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అని సాగనంపుతారు. ముందు క్షేమం, తరవాతే లాభం. మీ చర్చకు పనికొస్తుందేమోనని రాశాను.

జవాబు: పనికొస్తుందా అని అడుగుతారేమిటండీ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఉన్నది నిలవడం క్షేమం అయితే, ఆ చెరలో ఉన్నవాళ్లకి నిలుపుకోడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లు పోయింది, పొలం పోయింది, గుడి దూరమైంది. అలాంటివాళ్లని పట్టుకుని, పరాయి ఊరికి ఉన్నది పోకుండా చూడమని చెప్తున్నాడు యిర్మియా. మీ అర్థంతో చదివితే ఆ వాక్యం బరువు ఇంకా పెరిగింది. చాలా సంతోషం.

—

భీమవరం వైపు నుంచి ఒక సభ్యురాలు: మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా పేటవాళ్ల సమాధుల తోటకి సరైన దారి లేదు. పెట్టె మోసుకుని పొలం గట్ల మీద నడుస్తాం. వానాకాలం అయితే మోకాలి లోతు బురద. దారి ఇమ్మని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. ఆదివారం వచ్చేసరికి ‘దేశం క్షేమంగా ఉండాలి, అధికారులను దీవించండి’ అని ప్రార్థించమంటారు. నోట మాట రాదండీ. నోరు మూసుకుని ఓర్చుకోమని చెప్పడమే కదా ఇది?

జవాబు: అమ్మా, కాదు. నోరు మూసుకోమనే ప్రార్థనని యిర్మియాయే ఒప్పుకోడు. 6:14లో ఆయన కోపం చూడండి: “సమాధానము లేని సమయమున సమాధానము సమాధానము అని చెప్పుచు, నా ప్రజలకున్న గాయమును పైపైన మాత్రమే బాగుచేయుదురు”. పుండు లోపల ఉండగా పైన కట్టు కట్టి బాగైపోయింది అనేవాళ్లను ఆయన దొంగలతో సమానంగా చూశాడు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద ఇళ్లు తగలబెట్టిన రోజు మనందరికీ గుర్తుంది. ఇంటర్నెట్ కూడా ఆపేశారు. ఆ తరవాత ప్రశాంతత వచ్చింది. పేట మీద, పేరు మీద మనసుల్లో ఉన్నది పోయిందా అంటే, మీ దారి సంగతే జవాబు చెప్తోంది.

మీరు వచనంలో ఒక మాట గమనించండి. “క్షేమముకోరి... ప్రార్థన చేయుడి” అంది. ముందు కోరడం, దాని వెంట ప్రార్థన. కోరడం మనకు ఎక్కడ అలవాటు? అర్జీలో. ‘దారి మంజూరు చేయవలసిందిగా కోరుచున్నాము’ అని మీరు కింద సంతకాలు పెట్టించిన కాగితం ఉంది చూశారూ, అది కూడా ఈ వచనంలోని కోరడమే. మూలంలోని క్రియకు కూడా వెదకడం, వాకబు చేయడం, పట్టుబట్టి అడగడం అనే అర్థాలున్నాయి. పట్టణం క్షేమంలో మీ సమాధుల తోట దారి లేకపోతే అది పట్టణం క్షేమం అవదు. ఆదివారం ప్రార్థనలో ఆ దారి సంగతి పేరు పెట్టి చెప్పండి. ‘అధికారులను దీవించండి’తో ఆగక్కర్లేదు. “రాజులకొరకును అధికారులందరికొరకును” ప్రార్థించమని తిమోతికి రాసిన పౌలు దానికి కారణం కూడా అక్కడే చెప్పాడు: “నెమ్మదిగాను సుఖముగాను బ్రదుకు నిమిత్తము”. మీవాళ్లు నెమ్మదిగా, సుఖంగా బ్రతకాలన్నది ఆ ప్రార్థనలో భాగమే.

అదే సభ్యురాలు: సరేనండి. ఈ ఆదివారం చెప్తాను.

—

కువైట్ నుంచి ఒక సభ్యురాలు: అన్నయ్యగారూ, మాది రాజోలు పక్కన. ఇక్కడ ఇంటిపని చేస్తున్నాను. సెలవు దొరికిన శుక్రవారం తెలుగు ఆరాధనకి వెళ్తాను. ఈ వచనం అక్కడ చాలాసార్లు చదివాం. మా అందరికీ ఇది మా గురించే రాసినట్టు ఉంటుంది. ఒక డౌటు. మేం చెరకు రాలేదు కదా, అప్పులు తీర్చుకోడానికి మా అంతట మేమే వచ్చాం. అయినా ఈ వచనం మాకు వర్తిస్తుందా?

జవాబు: చెల్లీ, వర్తిస్తుంది. అప్పు పట్టుకుపోయినా రాజు పట్టుకుపోయినా ఇల్లు విడిచిన బాధ ఒకటే. ఆ ఉత్తరంలో చెప్పినవి కూడా పెద్ద పెద్ద సంగతులు కావు. ఇల్లు, తోట, పెళ్లి, పిల్లలు, ఊరి క్షేమం. నువ్వు ఉన్న దేశం కోసం ప్రార్థిస్తే మన దేశాన్ని మరిచినట్టు అవదు.

—

ప్రశ్న అడిగిన తమ్ముడు: మాస్టారూ, అందరికీ థ్యాంక్స్. ఇంకో రెండు అడుగుతాను. ‘ఉజ్జీవం’ అనాలా, ‘నూతనపరచండి’ అనాలా? ‘కనికరం’ సరిపోతుందా? వీలైతే ప్రార్థన నాలుగైదు వాక్యాల్లో రాసిపెట్టండి, చూసి చదువుతాను, మైకు ముందు నాకు టెన్షన్.

జవాబు: ఉజ్జీవం అంటే చల్లారిన భక్తి మళ్లీ రగలడమే, కానీ అది మన దగ్గర సభల పేరుగా స్థిరపడిపోయింది, దేశానికి వాడితే జనానికి పందిరి, మైకు గుర్తొస్తాయి. ‘మమ్మల్ని నూతనపరచండి’ అను. విలాపవాక్యములు 5:21లో “నీవు మమ్మును నీతట్టు త్రిప్పినయెడల మేము తిరిగెదము” అని ఉంది, దాన్ని ఆనుకుని అడగొచ్చు. కనికరం మంచి మాట, అందరికీ తెలిసిన మాట. అయితే ‘దేశాన్ని కనికరించండి’ దగ్గర ఆపేయకు, మాకూ కనికరం నేర్పించమని అడుగు. మీకా 6:8లో దేవుడు అడిగింది “కనికరమును ప్రేమించుట”.

ఇలా రాశాను, నీ నోటికి తగ్గట్టు మార్చుకో:

“తండ్రీ, మీరు మమ్మల్ని ఉంచిన ఈ దేశం క్షేమం కోరి మీ దగ్గరకు వచ్చాం. మమ్మల్ని ఏలేవారికి న్యాయం చేసే మనసు ఇవ్వండి, మా ఊళ్లలో ఒక వీధివారి కన్నీళ్లు ఇంకో వీధివారికి పట్టేలా చేయండి. గాయం పైపైన మాన్పి బాగైపోయిందని చెప్పుకోకుండా మమ్మల్ని కాపాడండి. మేము కనికరం అడిగే ముందు కనికరం చూపించేలా మా మనసులు మీ తట్టు తిప్పి, మమ్మల్ని నూతనపరచండి. మా పొరుగువారి క్షేమంలో మా క్షేమం చూపించండి. ఆమేన్.”

అమలాపురం సభ్యుడు: బాగుంది. ‘ఏలేవారికి’ పక్కన ‘కాలవ చివర రైతుకి’ అని కూడా ఉంటే మేలు. శివారు భూములకి నీళ్లందక ఏటా అదే గోల.

కువైట్ సభ్యురాలు: నాదొకటి కూడా చేర్చండి అన్నయ్యగారూ. నేను పనిచేసే ఇంట్లో పెద్దామెకి ఒంట్లో బాగోలేదు. నాతో అంత మంచిగా ఉండే మనిషి కాదు. కానీ ఆ ఇల్లు క్షేమంగా ఉండాలి.

జవాబు: ఇద్దరివీ చేర్చాను. రెండో వాక్యం ఇప్పుడు ఇలా ఉంది తమ్ముడూ, పాతది తీసేసి ఇది రాసుకో: “మమ్మల్ని ఏలేవారికి న్యాయం చేసే మనసు, కాలవ చివర రైతుకి నీళ్లు, మాకు పని ఇచ్చిన ఇళ్లలో జబ్బుపడినవారికి ఆరోగ్యం దయచేయండి, మా ఊళ్లలో ఒక వీధివారి కన్నీళ్లు ఇంకో వీధివారికి పట్టేలా చేయండి.” సమాధుల తోట దారి సంగతి భీమవరం అమ్మ వాళ్ల సంఘంలో చెప్తారు. మీ సంఘంలోనూ అలాంటి దారి ఉంటే, దాని పేరు పెట్టే చదువు.