ఫ్లాట్ అమ్మేసి నల్గొండలో పెద్దిల్లు కట్టుకోవాలా, వద్దా?

హస్తినాపురం కోడలు

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. మీలో హైదరాబాద్ వదిలి వెళ్లినవాళ్లు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు కదా అని అడుగుతున్నా.

ఎల్బీ నగర్ దగ్గర మాకు 960 అడుగుల టూ బీహెచ్‌కే ఫ్లాట్ ఉంది. ఉండేది ఆరుగురం. మేమిద్దరం, మూడో తరగతి పాప, యూకేజీ బాబు, రెండేళ్ల కింద ఊరి నుంచి వచ్చేసిన అత్తమ్మ, మామయ్య. మామయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి ఆయన మంచం పిల్లల గదిలో వేశాం. అత్తమ్మ హాల్లో పడుకుంటుంది. రాత్రి పదింటికి భోజనాలు, పాప హోంవర్క్ అయ్యాక సోఫా జరిపి మడత మంచం వేస్తాం. పొద్దున ఐదున్నరకు పాల అబ్బాయి బెల్ కొట్టకముందే ఆమె లేచి, మంచం మడిచి తలుపు వెనక పెట్టేస్తుంది. ఒంట్లో బాగాలేని రోజు కూడా అంతే. మొన్న మధ్యాహ్నం వచ్చి, "కాసేపు నడుం వాలుస్తా, మీ రూంలో పడుకోనా బిడ్డా" అంది. నలభై ఏళ్లు సొంతింట్లో తిరిగిన మనిషి నన్ను పర్మిషన్ అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఫ్లాట్‌కు 62 లక్షలు ఇస్తామంటున్నారు. లోను 11 లక్షలు తీరిస్తే చేతికి 51. నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు 183 గజాల ప్లాటు చూశాం, గజం 14 వేలు చెప్పారు. 1,500 అడుగుల ఇల్లు, అడుగుకు 1,900 లెక్కన కట్టిస్తానని కాంట్రాక్టర్ అన్నాడు. అన్నీ కలిపి 54 లక్షలు. మూడు గదులు, వరండా, వెనక కాస్త ఖాళీ జాగ. అదే ఇక్కడ ఇంకొక్క గది ఎక్కువ కావాలంటే మళ్లీ 40 లక్షల లోను ఎత్తుకోవాలి.

మా ఆయన చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. నేను ఇక్కడే ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. చౌటుప్పల్ ఇక్కడి నుంచి 40 కిలోమీటర్లు, నల్గొండ నుంచి 50 పైన. పెద్ద తేడా లేదు. మామయ్యది తిప్పర్తి వైపు పల్లె, చుట్టాలంతా అక్కడే. నాకు వెళ్లాలనే ఉంది. ఆయన ఎటూ తేల్చడం లేదు.

పానగల్లు వాసి

అక్కా, వెళ్లండి. మేం 2021లో ఉప్పల్ నుంచి వచ్చేశాం. అమ్మ పొద్దున లేచి ఉదయ సముద్రం చెరువు కట్ట మీద నడిచి, ఛాయా సోమేశ్వరుడి గుడిలో కాసేపు కూర్చుని వస్తుంది. ఉప్పల్‌లో ఉన్న నాలుగేళ్లలో ఆమెకు లిఫ్టు బటన్లు తప్ప ఏమీ తెలియవు. ఇక్కడ వీధిలో ప్రతి ఇంటి పేరూ తెలుసు.

నల్గొండ ఇప్పుడు పాత నల్గొండ కాదు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007 నుంచే ఉంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో మొదలయ్యాక పెద్దాసుపత్రికి డాక్టర్లు పెరిగారు. తిరుపతి వందే భారత్ కూడా ఇక్కడ ఆగుతుంది. మీ అత్తమ్మ గురించి రాసింది చదివాక ఇంకా ఆలోచించాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు.

పాలమూరు పోయొచ్చినోడు

ఆలోచించాల్సింది చాలా ఉందన్నా. నేను చెప్తా.

2022లో కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మి మహబూబ్‌నగర్‌లో అప్పన్నపల్లి వైపు డూప్లెక్స్ కొన్నా. అమ్మానాన్న అక్కడే ఉన్నారు, పిల్లలకు పెద్ద ఇల్లు కావాలి, ఇదే కారణం. ఆ ఏడాదే సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను పూర్తయింది. రైలు ఉంది కదా అని ధైర్యం. రైలు బాగానే ఉంది, తప్పు నా లెక్కలో ఉంది. నేను లెక్కేసింది మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ దాకా. నా ఆఫీసు గచ్చిబౌలిలో. కాచిగూడలో దిగాక అసలు ప్రయాణం మొదలవుతుంది.

పొద్దున నాలుగున్నరకు లేచేవాణ్ని. రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. నాలుగు గదుల ఇల్లు, నేను చూసింది నిద్రపోయే గది, బాత్రూం. ఒక శనివారం మా చిన్నోడు వాళ్లమ్మను "డాడీ ఈ రోజు మనింట్లోనే ఉంటాడా" అని అడిగాడు. నేను పక్క గదిలోంచి విన్నా. ఆ వారమే తిరిగి హైదరాబాద్ వెళ్దామని చెప్పేశా.

కానీ అమ్మిన ధరకు అదే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ దొరకలేదు. ఇప్పుడు మియాపూర్‌లో కిరాయికి ఉంటున్నాం. డూప్లెక్స్ కిరాయికి ఇచ్చాం, ఇక్కడ కట్టే దాంట్లో మూడో వంతు కూడా రాదు. అమ్మానాన్న మళ్లీ ఒంటరే.

చెల్లె, నువ్వు వెళ్లొద్దనడం లేదు. అమ్మొద్దంటున్నా. ఫ్లాట్ కిరాయికి ఇచ్చి, నల్గొండలో మూడు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఒక ఏడాది ఉండి చూడండి. నేను చేయాల్సిన పని అదే, చేయలేదు.

చౌటుప్పల్ బి షిఫ్టు

నేనూ అదే రూట్‌లో మందుల కంపెనీలో చేస్తా. ఒక్కటే అడుగుతా. అక్కా, మీ ఆయన కంపెనీ బస్సు ఎటు నుంచి వస్తుంది? మా దగ్గర ఎల్బీ నగర్ వైపు బస్సు ఉంది, నల్గొండ దారిలోని నార్కట్‌పల్లి వైపు నుంచి లేదు. బి షిఫ్టు రాత్రి పదింటికి వదులుతారు. ఆ టైంలో విజయవాడ హైవే మీద బైకు మీద 50 కిలోమీటర్లు పోవడమంటే ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరే నిలబడి ఉంటారు. ఏడాది కింద మా లైన్‌లో పనిచేసే తమ్ముడు అట్లనే ఆగి ఉన్న లారీని చూడలేక గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది, కాలు పోయింది. కిలోమీటర్లు దగ్గరదగ్గరే అని సరిపెట్టుకోకండి.

మేస్త్రీ కొడుకు

మా నాన్న ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాడు, నేను సైట్ చూసుకుంటా. మేడం చెప్పిన 54 లక్షల్లో ఇల్లు పూర్తికాదు.

అడుగుకు 1,900 అంటే సాధారణంగా గోడలు, స్లాబు, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు, పెయింటింగ్. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, గేటు, కరెంటు మీటరు, ముందు ఎలివేషన్, వంటగది అల్మారాలు ఇందులో ఉన్నాయా లేవా రాయించుకోండి. లేకపోతే ఇంకో ఆరేడు లక్షలు పక్కన పెట్టుకోవాలి. ప్లాటు నల్లరేగడి అయితే పునాది లోతుగా పోవాలి, అదీ ఖర్చే. ఎర్రచెల్క అయితే ఇబ్బంది లేదు. గుంత తీసి చూడందే మాటివ్వకండి. రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం. కట్టే ఎనిమిది, పది నెలలు కిరాయి ఇంట్లో ఉండాలి, అది మీ లెక్కలో కనిపించలేదు.

కాగితాలు ఇంకా ముఖ్యం. టౌన్ ప్లానింగ్ శాఖ (డీటీసీపీ) అనుమతి ఉన్న లేఅవుటేనా? కాకపోతే లేఅవుట్‌ను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టిన రసీదు చూపించమనండి. ఈసీ (ప్లాటు మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే కాగితం) తీయించండి, పాత ఓనర్ల లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నాయో చూడండి. వ్యవసాయ భూమిని నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయకుండానే ప్లాట్లు కోసి అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటి చోట ఇంటి పర్మిషన్ రాదు, బ్యాంకు లోను రాదు. ప్లాటు పేపర్ల మీద హైదరాబాద్ చుట్టూ వచ్చే రీజినల్ రింగ్ రోడ్డు బొమ్మ వేసి అమ్ముతారు. ఆ రోడ్డు చౌటుప్పల్ మీదుగా వెళ్తుంది, దేవరకొండ రోడ్డు ప్లాటుకు దాంతో సంబంధం లేదు.

ఫ్లాట్ అమ్మితే వచ్చే లాభం మీద పన్ను సంగతి కూడా చూసుకోండి. మూడేళ్లలోపు ఇల్లు కట్టుకుంటే మినహాయింపు ఉంటుంది, కానీ ఐటీ రిటర్న్ వేసే గడువు నాటికి ఖర్చుకాని డబ్బు బ్యాంకులో కేపిటల్ గెయిన్స్ ఖాతాలో ఉండాలి. మామూలు సేవింగ్స్‌లో పెట్టుకుని తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లను చూశా.

వనస్థలిపురం వదిన

అందరూ గజాలు, కిలోమీటర్లు మాట్లాడుతున్నారు. అమ్మాయి తన ఉద్యోగం సంగతి ఒక్క వాక్యంలో దాటేసింది, ఎవరూ అడగలేదు. అక్కడ నీకు స్కూల్లో పని దొరుకుతుందా? దొరికినా ఈ జీతం ఇస్తారా?

నేనూ పెద్ద కుటుంబంలో కోడలినే. పెద్దిల్లు వచ్చాక చుట్టాలు వస్తారు, పండగలన్నీ మనింట్లోనే అవుతాయి. ఆయన రాత్రి పదకొండు దాటాక వస్తే మామయ్య మందులు, పిల్లల చదువు, వాకిలి ఊడ్చుకోవడం అన్నీ నీ మీదే. మనసుకు నచ్చే చేస్తావు, కాదనను. కానీ చేతిలో జీతం లేకుండా చేయడం వేరు. అత్తమ్మ నిన్ను పర్మిషన్ అడిగిందని బాధపడ్డావు. రేపు వంద రూపాయలకు నువ్వు ఇంకొకర్ని అడిగే రోజు రాకూడదు తల్లీ.

ఇంకోటి. మా మామయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలన్నారు. మేం నలభై నిమిషాల్లో చేరాం. ఇప్పుడు ఆయన తన చేత్తోనే తింటున్నారు. నల్గొండలో రాత్రి రెండింటికి సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారో ముందే తెలుసుకుని పెట్టుకో.

పానగల్లు వాసి

వదినా, రెండో మాట నిజమే. మా నాన్నకు ఛాతీ నొప్పి వస్తే ఇక్కడ మొదటి చికిత్స చేయించి హైదరాబాద్ తీసుకెళ్లాం, రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు నేను మర్చిపోలేదు. అయినా అమ్మానాన్న తిరిగి ఉప్పల్ వస్తామని ఒక్కసారి కూడా అనలేదు.

మర్రిగూడ బిడ్డ

బోరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మాది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు. మా పెద్దనాన్న నడుం వంగిపోయి, నేల చూస్తూనే నడిచేవాడు. నాకూ పళ్ల మీద గోధుమరంగు గీతలున్నాయి, పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని నవ్వా.

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ నల్లా నీళ్ల పథకానికి పైలాన్ వేశారు. ఆ తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మా తర్వాతి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. నల్గొండ టౌన్‌లోనూ నల్లా నీళ్లు వస్తాయి. కానీ కొత్త వెంచర్లలో ఇంకా పైపులైను పడనివి ఉంటాయి. అక్కడ బోరు నీళ్లే తాగుతారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ అయితే తగ్గిస్తుంది. మీ బాబుకు ఇంకా పాలపళ్లే ఉంటాయి. లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసు అదే. ప్లాటు కొనేముందు పక్కింటి బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి.

మిర్యాలగూడ రిటైర్డ్ సార్

అమ్మా, పాప చదువు గురించి ఒక సంగతి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ అనేది 1 నుంచి 7 తరగతులు చూసి నిర్ణయిస్తారు. ఆ ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. జిల్లా పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. పాప అక్కడ, అంటే రంగారెడ్డి జిల్లాలో, మూడేళ్లు పూర్తి చేస్తోంది. జూన్‌లో నాలుగో తరగతి నల్గొండలో చేర్చి ఏడు దాకా ఇక్కడే చదివితే నాలుగేళ్లు, నల్గొండ లోకల్ అవుతుంది. ఇంకో ఏడాది ఆగి వస్తే అక్కడ నాలుగు, ఇక్కడ మూడు. ఉండేది నల్గొండలో, లోకల్ మాత్రం రంగారెడ్డి. ఏది మంచిదని నేను చెప్పను. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఈ సర్టిఫికెట్ల కోసం పాత స్కూళ్ల చుట్టూ తిరిగిన తల్లిదండ్రుల్ని ఎందరినో చూశాను, అందుకే చెబుతున్నా.

హస్తినాపురం కోడలు

అందరికీ పేరుపేరునా దండాలు. ప్రతి ఒక్కటీ మా ఆయనకు చదివి వినిపించా. కంపెనీ బస్సు నల్గొండ వైపు లేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు, నేను ఆశపడుతున్నానని చెప్పలేదట. ఎటూ తేల్చకపోవడానికి కారణం అదే. జనరల్ షిఫ్టుకు మార్చమని సోమవారం లెటర్ పెట్టారు. మారిస్తేనే కదులుతాం.

వదినా, మీ మాట రాత్రంతా తిరిగింది నాలో. నల్గొండలో రెండు స్కూళ్లలో అడిగా. ఒకరు ఇప్పుడొచ్చే దాంట్లో సగం అన్నారు, ఇంకొకరు నాలుగు వేలు తక్కువతో డెమో క్లాసుకు రమ్మన్నారు. వెళ్తున్నా.

ఫ్లాట్ అమ్మడం లేదు. పాలమూరు అన్న చెప్పినట్టు కిరాయికి ఇస్తాం. ఆదివారం అందరం వెళ్లి రామగిరి వైపు, ఇంకా దేవరకొండ రోడ్డులో మూడు కిరాయి ఇళ్లు చూశాం. మూడోది కింది పోర్షన్, మెట్లు లేవు, మామయ్య కర్ర లేకుండానే అన్ని గదులూ తిరిగారు. 9 వేలు కిరాయి. మేం ఓనరమ్మతో మాట్లాడుతుంటే అత్తమ్మ వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఒక నిమిషం తర్వాత తీసి, "గడియ సరిగానే పడుతుంది" అంది.

అది దేవరకొండ రోడ్డు మీద, పెట్రోల్ బంకు దాటాక ఎడమ చేతి మూడో సందు. బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చా, రేపు ల్యాబ్‌కు ఇస్తా. ఆ సందులో ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే నల్లా ఎన్ని రోజులకోసారి వదులుతారో చెప్పండి.