హార్డ్ బాప్ క్లాసిక్స్: సంగీతం గొప్పదా, బ్లూ నోట్ అట్టలు గొప్పవా?

ఇత్తడిబాకా

గొడవ పెట్టుకోడానికే రాస్తున్నా, ముందే చెప్తున్నా.

1955 నుంచి 1965 మధ్య వచ్చిన హార్డ్ బాప్ (బ్లూస్, చర్చి పాటల వాసన కలిసిన జాజ్) ఆల్బమ్‌లలో ఓ పాతిక ముప్పై "తప్పక వినాల్సినవి" జాబితాల్లో ఎప్పుడూ ఉంటాయి. ఆర్ట్ బ్లేకీ మోనిన్, జాన్ కోల్ట్రేన్ బ్లూ ట్రెయిన్, లీ మోర్గన్ ద సైడ్‌వైండర్, హొరేస్ సిల్వర్ సాంగ్ ఫర్ మై ఫాదర్, హాంక్ మోబ్లీ సోల్ స్టేషన్ వగైరా. వీటిలో సగానికి వచ్చిన పేరు వాటిని తీసిన రికార్డు కంపెనీ, అంటే బ్లూ నోట్ లేబుల్ పుణ్యమే అని నా వాదన.

ముందుగా, అచ్చు ఒకటే. ట్రంపెట్, టెనర్ శాక్స్ కలిసి హెడ్ వాయిస్తాయి, అంటే ట్యూన్ అసలు వరస. తర్వాత వరుసగా సోలోలు. పియానో అయ్యాక బాస్‌కి కాస్త చోటు, డ్రమ్స్‌తో నాలుగేసి బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) ఇచ్చిపుచ్చుకోవడం, మళ్లీ హెడ్, అయిపోయింది. మూడో ట్రాక్ వినేసరికి నాలుగోది ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

మనుషులూ వాళ్లే. మోనిన్, బ్లూ ట్రెయిన్, సైడ్‌వైండర్ మూడింట్లోనూ ట్రంపెట్ లీ మోర్గన్. బ్లూ ట్రెయిన్, సోల్ స్టేషన్ రెండింట్లో బాస్ పాల్ చేంబర్స్. మోనిన్, సోల్ స్టేషన్ రెండింట్లో డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. అన్నిటికీ రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్. ఇక అట్టల మీద ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఫొటోలు, రీడ్ మైల్స్ అక్షరాలు. ఆ అట్ట చూశాక లోపల ఏముందని ఎవడు అడుగుతాడు?

సైడ్‌వైండర్ సంగతే చూడండి. 1963 డిసెంబర్ 21న రికార్డ్ చేశారు. మొదటి ట్రాక్ పది నిమిషాలకు పైనే, అదే హిట్టయింది, క్రైస్లర్ కార్ల ప్రకటనలో కూడా వాడుకున్నారు. మిగతా నాలుగు ట్యూన్ల పేర్లు చూడకుండా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? దాని తర్వాత బ్లూ నోట్‌లో చాలా ఆల్బమ్‌ల మొదటి ట్రాక్ అదే బూగలూ (లాటిన్ లయ కలిసిన డాన్స్) దరువు. 1965లో అదే మోర్గన్ చేసిన ద రంప్‌రోలర్ పేరు వింటేనే విషయం అర్థమైపోతుంది. దీన్ని క్లాసిక్ అనాలా, ఫార్ములా అనాలా?

తాళంకట్టు

ఇత్తడిబాకా గారూ, "అచ్చు ఒకటే" అన్నది మీ వాదనలో అన్నిటికన్నా బలహీనమైన ముక్క. కచేరీలో కూడా వర్ణంతో మొదలై మంగళంతో ముగుస్తుందని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఎవరూ లేచి వెళ్లిపోరు. చట్రం తెలిస్తేనే లోపల ఏం జరుగుతోందో వినపడుతుంది.

అన్నీ ఒకేలా ఉన్నాయనిపించడానికి అసలు కారణం లెక్క తప్పిపోవడం. పన్నెండు బార్ల బ్లూస్ ఒక చుట్టు, అంటే ఒక కోరస్, 48 దెబ్బలు. ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు. 32 బార్ల ట్యూన్ అయితే 128 దెబ్బలు, పదహారు ఆవర్తనాలు. సైడ్‌వైండర్ 24 బార్ల బ్లూస్, మామూలుదానికి రెట్టింపు, కాబట్టి పన్నెండు ఆవర్తనాలు.

మనవాళ్లు తడబడేది ఒకచోట ఉంది. మనం సమం మీద తట్టి లెక్క మొదలుపెడతాం. జాజ్‌లో డ్రమ్మర్ ఎడమకాలి కింద హై-హ్యాట్ రెండు, నాలుగు దెబ్బల మీద మూసుకుంటుంది. ఆ "చిక్" శబ్దాన్ని ఒకటి అనుకుని ఎత్తుకుంటే మొత్తం పక్కకి జరిగిపోతుంది. బాస్‌ని పట్టుకోండి, దెబ్బకో స్వరం చొప్పున నడుస్తుంది. లెక్క పోయిందా, అయిదో బార్ కోసం ఆగండి. బ్లూస్‌లో అక్కడ కార్డు (కలిపి పలికే స్వరాల గుత్తి) మధ్యమానికి మారుతుంది. చెవికి ఇల్లు మారినట్టు స్పష్టంగా తెలుస్తుంది. తొమ్మిదో బార్ నుంచి పంచమం దారి పట్టి ఆధార షడ్జానికి తిరిగొస్తుంది. 24 బార్ల దాంట్లో ఈ మలుపులు రెట్టింపు దూరంలో, తొమ్మిదో బార్‌లోనూ పదిహేడో బార్‌లోనూ వస్తాయి.

ఇలా లెక్కపెట్టి మోనిన్ వినండి, 1958 అక్టోబర్ 30 నాటిది. పియానిస్టు బాబీ టిమ్మన్స్ ట్యూన్, 32 బార్లు, ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటి ముక్కలో పియానో ఒంటరిగా ఓ మాట అంటుంది, బ్యాండు రెండు దెబ్బల్లో చర్చిలో "ఆమెన్" అన్నట్టు బదులిస్తుంది. రెండో ముక్కలో పాత్రలు తారుమారు: మాట బాకాలది, బదులు పియానో, బాస్, డ్రమ్స్‌ది. మూడో ముక్కకి బాస్ నడక అందుకుని మొత్తం వదులవుతుంది. దీన్ని ట్రంపెట్, శాక్స్ కలిసి వరస వాయించడం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

ఇత్తడిబాకా

మోనిన్ మొదటి ట్రాక్ గొప్పదే, కాదనను. ఆ ఆల్బమ్‌ని నిలబెట్టింది అందులో శాక్స్ వాయించిన బెన్నీ గాల్సన్ రాత. అలాంగ్ కేమ్ బెట్టీ, బ్లూస్ మార్చ్ రెండూ ఆయనవే. నేననేది కూడా అదే కదండీ: పేరు రావాల్సింది ట్యూన్లు రాసినవాళ్లకి, వచ్చింది లేబుల్‌కి.

మోనోబటన్

సౌండ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే దూరుతున్నా.

"వాన్ గెల్డర్ సౌండ్" అని దేవుడి గుడిలా మొక్కేవాళ్లు ఉన్నారు. పగలు కళ్లద్దాల డాక్టరుగా పనిచేస్తూ, న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డ్ చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. బాకాల శబ్దం, బ్లేకీ స్నేర్ డ్రమ్ ఆయన పట్టినట్టు అప్పట్లో ఇంకెవరూ పట్టలేదు. పియానో మాత్రం చాలా రికార్డుల్లో డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. వాయించేవాళ్ల నాదాన్నే మార్చేస్తాడని బాస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్‌కి ఆయనంటే పడదు. కాబట్టి "సౌండ్ వల్లే పేరు" అనేది సగమే నిజం.

కొందరికి ఈ ఆల్బమ్‌లు ఎబ్బెట్టుగా వినపడటానికి ఇంకో కారణం ఉంది. 1957 నుంచి బ్లూ నోట్ టూ-ట్రాక్ టేపు మీద కూడా రికార్డ్ చేసింది. ఆ స్టీరియోలో శాక్స్ ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో కూర్చుంటాయి. ఇయర్‌ఫోన్స్‌లో పావుగంటకే తల బరువెక్కుతుంది. వాన్ గెల్డర్ స్టూడియోలో సరిచూసుకున్నదేమో ఒకే స్పీకర్ మీద, మోనోలో. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. రెండు చానళ్లూ కలిసి బ్యాండు ఒకచోటికి చేరుతుంది. సింబల్ కొద్దిగా మసకబారొచ్చు, ఎందుకంటే ఆ శబ్దం అవతలి మైకులోకీ కాస్త ఆలస్యంగా కారి ఉంటుంది, కలిపినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ మాత్రం నష్టం పర్వాలేదు.

కొనేవాళ్లకి: 1999 నుంచి వచ్చిన ఆర్‌వీజీ (రూడీ వాన్ గెల్డర్) ఎడిషన్ సీడీలు స్వయంగా ఆయనే రీమాస్టర్ చేసినవి, కానీ గట్టిగా, బిగించినట్టు ఉంటాయి. 2019లో మొదలైన టోన్ పోయెట్ ఎల్‌పీలు కెవిన్ గ్రే మాస్టరింగ్, వాటిలో పియానో బాగా తేరుకుంది. 1960లలో మోనో రికార్డులకు కృత్రిమంగా స్టీరియో పూత పూసి అమ్మిన ప్రింట్ల జోలికి మాత్రం, అవి ఎంత పాతవైనా సరే, వెళ్లకండి.

కొత్తశ్రోత

ఇదంతా సరే గానీ, ఇన్ని ఆల్బమ్‌లు వినే ఓపిక లేదు. ఒకటో రెండో వింటే తేలిపోవాలి. ఏవి?

వాకింగ్‌బాస్

రెండు చాలు తమ్ముడూ. రెండింట్లోనూ ట్రంపెట్ లేదు, ఇత్తడిబాకా గారి "రెండు బాకాల అచ్చు" ఫిర్యాదు ఇక్కడ పనిచేయదు.

మొదటిది టెనర్ శాక్స్ సానీ రాలిన్స్ ఆల్బమ్ శాక్సోఫోన్ కలాసస్, 1956 జూన్ 22. ప్రెస్టీజ్ లేబుల్, బ్లూ నోట్ కాదు. రిహార్సల్‌కి డబ్బులివ్వని కంపెనీ అది. మైల్స్ డేవిస్ బ్యాండుని అదే ఏడాది మే 11న, అక్టోబర్ 26న కూర్చోబెట్టి ఆ రెండు రోజుల్లోనే నాలుగు ఆల్బమ్‌ల సరుకు తీసుకున్న కంపెనీ. బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ అలా కాదు, రిహార్సల్ రోజులకీ జీతమిచ్చేవాడు. అందుకే బ్లూ నోట్‌లో చిక్కు హెడ్‌లు కూడా శుభ్రంగా కుదురుతాయి, ప్రెస్టీజ్‌లో చాలావాటికి "వచ్చాం, వాయించాం, వెళ్లాం" వాలకం.

అలాంటి చోట పుట్టింది బ్లూ సెవెన్ అనే పదకొండు నిమిషాల బ్లూస్. డగ్ వాట్కిన్స్ బాస్ ఒక్కటే నడుస్తూ మొదలవుతుంది. రాలిన్స్ వేసే వరసలో నాలుగైదు స్వరాలే, మధ్యలో ప్రతిమధ్యమం ఇరుక్కుని ఏ శ్రుతిలో ఉన్నాడో వెంటనే తేలదు. తర్వాత సోలో అంతా ఆ ముక్కనే విరిచి, తిప్పి, మధ్యలో ఖాళీ వదిలి, మళ్లీ అతికిస్తాడు. మాక్స్ రోచ్ డ్రమ్ సోలో కూడా అంతే, ఒక మూడు దెబ్బల గుత్తి, ఒక రోల్, వాటితోనే కట్టిన గోడ. 1958లో స్వరకర్త గుంథర్ షుల్లర్ ఈ ఒక్క ట్రాక్ మీద పెద్ద వ్యాసమే రాశాడు. సోలో అంటే నోటికొచ్చిన లిక్కులు (అలవాటైన చిన్న ముక్కలు) కాదు, ఒక ఇతివృత్తాన్ని పెంచడం అని అందులో చూపించాడు. కొందరు ఆ వ్యాసం వల్లే దీనికి పేరొచ్చిందంటారు. అనుకోనీ. వ్యాసం పక్కనపెట్టి విన్నా ఆ నాలుగైదు స్వరాలు వెంటాడతాయి.

రెండోది హాంక్ మోబ్లీ సోల్ స్టేషన్, 1960 ఫిబ్రవరి 7. పియానో వింటన్ కెల్లీ, బాస్ చేంబర్స్, డ్రమ్స్ బ్లేకీ. మోబ్లీని "టెనర్ శాక్స్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్" అని విమర్శకుడు లియొనార్డ్ ఫెదర్ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నా, పాపం ఆయనకి అది తిట్టులా అతుక్కుపోయింది. కోల్ట్రేన్ అంత గట్టిగా అరవడు, రాలిన్స్ అంత చిలిపిగా ఆడడు. ఆయన పనితనమంతా వాక్యం ఎక్కడ ఎత్తుకుంటాడు అన్న దాంట్లోనే ఉంది. దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ వినేటప్పుడు మోబ్లీని కాసేపు వదిలేసి బ్లేకీని వినండి. ప్రెస్ రోల్‌తో (కర్రలు స్నేర్ మీద అదిమి తీసే గలగలతో) కోరస్ చివర తలుపు తెరిచినట్టు చేస్తాడు, మోబ్లీ తర్వాతి వాక్యం ఆ తలుపులోంచి దెబ్బకి వెనకగా, తొందరేం లేనట్టు వస్తుంది. ఆ వెనకబాటే స్వింగ్. కాగితం మీద స్వరలిపి రాస్తే కనపడదు. అందుకే సోలోలు కాపీకొట్టి నేర్చుకునే విద్యార్థులకి స్వరాలన్నీ సరిగ్గా వచ్చినా చప్పగా ఉంటుంది: దెబ్బ మీదే కూర్చుంటారు.

ఈ రెండూ విన్నాక కూడా "అట్ట మహిమే" అనిపిస్తే ఈ సంగీతం నీది కాదంతే, ఏం పోయింది.

గోదాం

ఇత్తడిబాకా వాదన సగం కరెక్ట్, కానీ కత్తి పెట్టింది తప్పు చోట. ఉన్నవాటికి పేరెక్కువైందన్నది చిన్న సమస్య. జాబితాని ఎవరు తయారుచేశారన్నది అసలు సమస్య.

బ్లూ నోట్ రికార్డ్ చేసినంత విడుదల చేయలేదు. టీనా బ్రూక్స్ అనే టెనర్ వాద్యకారుడు 1958, 61 మధ్య లీడర్‌గా నాలుగు ఆల్బమ్‌ల సరుకిచ్చాడు. బతికుండగా వచ్చింది ట్రూ బ్లూ ఒక్కటే. బ్యాక్ టు ద ట్రాక్స్‌కి కేటలాగ్ నంబర్ 4052 కూడా వేసి అటకెక్కించారు. ఆయన 1974లో పోయాడు, మిగతావన్నీ ఆ తర్వాతే వెలుగు చూశాయి. గిటారిస్టు గ్రాంట్ గ్రీన్ మాటడార్, సాలిడ్ రెండూ 1964లో తీసినవి, బయటికొచ్చింది 1979లో.

లీ మోర్గన్ సంగతైతే ఇంకా విడ్డూరం. సైడ్‌వైండర్ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, 1964 ఫిబ్రవరిలో, సెర్చ్ ఫర్ ద న్యూ ల్యాండ్ రికార్డ్ చేశాడు. వేన్ షార్టర్, హెర్బీ హాంకాక్, గ్రాంట్ గ్రీన్ ఉన్నారు. పావుగంట పైగా సాగే టైటిల్ ట్రాక్‌లో బూగలూ వాసనే లేదు. ఈలోపు సైడ్‌వైండర్ పేలింది. కంపెనీకి రెండో సైడ్‌వైండర్ కావాలి గానీ ఇది కాదు. 1966 దాకా షెల్ఫులోనే ఉంది. మోర్గన్‌ది ఒక్కటే ఆల్బమ్ వినాలంటే ఇది వినాలి, జాబితాల్లో ఉండేది మాత్రం సైడ్‌వైండర్.

తాళంకట్టు

సైడ్‌వైండర్‌ని మరీ అంత తీసిపారేయకండి గోదాం గారూ. అందులో డ్రమ్స్ బిల్లీ హిగ్గిన్స్, ఫ్రీ జాజ్ శాక్స్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్‌తో వాయించినవాడు. ఆ దరువు రాక్ దరువులా దిమ్మ దిమ్మ కొట్టడు, రైడ్ సింబల్ మీద తేలికగా పట్టుకుంటాడు. తర్వాత వచ్చిన నకళ్లన్నీ పట్టుకోలేకపోయింది ఇదే: హిగ్గిన్స్ వదిలిన ఖాళీని వాళ్లు నింపేశారు. అందులోనే టోటెమ్ పోల్ కూడా మంచి ట్యూన్, ఒకసారి వినండి.

ఇత్తడిబాకా

సోల్ స్టేషన్ వదిలేస్తున్నా, దాన్ని ఎవరూ అట్ట చూసి మెచ్చుకోరు. బ్లూ ట్రెయిన్ మాత్రం వదలను. కోల్ట్రేన్ పేరు తీసేస్తే అది మూడు బాకాల మామూలు సెషన్. అదే 1957లో ఆయన పియానిస్టు థెలోనియస్ మంక్‌తో ఫైవ్ స్పాట్ క్లబ్‌లో వాయిస్తున్నాడు, అసలు ఎదుగుదల అక్కడ.

వాకింగ్‌బాస్

మామూలు సెషన్‌లో మొమెంట్స్ నోటీస్ లాంటి ట్యూన్ ఉండదు. ఆ కార్డులు చూడండి: ఈ మైనర్ సెవెన్, ఏ సెవెన్, వెంటనే అరమెట్టు పైకి ఎఫ్ మైనర్ సెవెన్, బీ ఫ్లాట్ సెవెన్, అక్కణ్ణించి ఈ ఫ్లాట్. ఒక్కో కార్డుకి రెండేసి దెబ్బలు. ఒక శ్రుతికి చెవి అలవాటుపడేలోపు నేల జరిగిపోతుంది. కర్టిస్ ఫుల్లర్ దాన్ని ట్రోంబోన్ మీద వాయించాడు, మీటలుండవు, గొట్టం జరపాలి. చేంబర్స్ తన సోలో కమానుతో లాగించాడు. తర్వాత 1959లో కోల్ట్రేన్ చేసిన జెయింట్ స్టెప్స్‌కి దారి ఇక్కడే మొదలైంది.

బ్లూ ట్రెయిన్ అయిదు ట్యూన్లలో ఐయామ్ ఓల్డ్ ఫ్యాషన్డ్ ఒక్కటే బయటిది, మిగతా నాలుగూ కోల్ట్రేన్ రాసినవే. ట్యూన్లు రాసినవాడికే పేరు రావాలన్నది మీరే కదండీ.

ఇత్తడిబాకా

మొమెంట్స్ నోటీస్ ఒప్పుకున్నా. అదే ఆల్బమ్‌లోని లోకోమోషన్ గురించి మాట్లాడండి ఇప్పుడు.