64 జీబీ ఫోన్ నిండిపోయింది. అమ్మ కోలాటం వీడియోలు పోకుండా ఖాళీ చేయడం ఎలా?

తణుకు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. అమ్మది 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్, కొని మూడేళ్లు దాటింది. ఈమధ్య ఎప్పుడు చూసినా స్టోరేజ్ నిండిపోయిందనే చూపిస్తోంది. కెమెరా తెరిస్తే ఫొటో పడదు, బ్యాంకు యాప్ అప్‌డేట్ అవదు.

అమ్మ వాళ్ల వీధి ఆడవాళ్లకి కోలాటం బృందం ఉంది. సాయంత్రాలు రామాలయం దగ్గర ప్రాక్టీసు. గురువుగారు కొత్త అడుగు నేర్పినప్పుడల్లా అమ్మే పక్కన నిలబడి వీడియో తీసి గ్రూపులో పెడుతుంది. జడ కోలాటంలో తాళ్లు అల్లేటప్పుడు ఎవరు ఎవరి ముందు నుంచి వెళ్లాలో, విప్పేటప్పుడు ఏ పక్కకి తిరగాలో ఆ వీడియోలు చూసే గుర్తు పెట్టుకుంటారట. ఒకళ్లు తప్పితే జడ మొత్తం చిక్కుపడిపోతుంది. అందుకని ఒక్క వీడియో కూడా తీసేయనివ్వదు.

రోజూ మధ్యాహ్నం పనయ్యాక కూర్చుని శుభోదయం బొమ్మలు ఒక్కొక్కటే నొక్కిపట్టి డిలీట్ చేస్తోంది. రాత్రికి మళ్లీ మామూలే. బజార్లో ఒక సెల్ షాపులో చూపిస్తే క్లీనర్ యాప్ ఒకటి ఎక్కించి పంపారు. ప్రకటనలు పెరిగాయి గానీ జాగా పెరగలేదు. కొత్త ఫోన్ కొనిస్తానంటే ససేమిరా అంటోంది. నేను హైదరాబాద్ తిరిగెళ్లేలోపు దీన్ని ఒక దారికి తేవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కాకినాడ_సర్వీస్:

ముందు ఆ క్లీనర్ యాప్ తీసేయండి. అది చేసేదల్లా క్యాష్, అంటే యాప్‌లు తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు, తుడవడమే; యాప్‌లు వాడుతుంటే ఆ క్యాష్ మళ్లీ పేరుకుంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. ఏ గ్రూపు ఎంత తింటోందో కింద వరసగా ఉంటుంది. ఒక జాగ్రత్త: యాప్ సమాచారంలో క్లియర్ క్యాష్ నొక్కితే ఫర్వాలేదు, దాని పక్కనే ఉండే క్లియర్ డేటా మాత్రం నొక్కొద్దు.

తెనాలి_లెక్కల_మాస్టారు:

అమ్మాయీ, కాకినాడ ఆయన చెప్పింది సరైన మాట. దానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, అది చెప్తాను. కొంచెం పెద్ద ఉత్తరం అవుతుంది, ఓపిగ్గా చదువు.

1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్లు పెట్టే క్లాస్ పథకం మొదలుపెట్టింది. అందులో వచ్చినవి బీబీసీ మైక్రోలు. ఇంగ్లండ్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది. అక్కడ బడుల్లోనూ ఇళ్లల్లోనూ పిల్లలు దాని మీదే నేర్చుకున్నారు. నేను పనిచేసిన బడికీ అవి వచ్చాయి, లెక్కల మాస్టారునని నాకు అప్పజెప్పారు. లేత గోధుమరంగు పెట్టె, పైవరసలో ఎర్రటి మీటలు, ప్రోగ్రాం దాచుకోవడానికి మామూలు క్యాసెట్ టేప్‌రికార్డర్. మెమరీ మొత్తం 32 కేబీ. మీ అమ్మగారి ఫోన్‌లో అలాంటివి ఇరవై లక్షల పైచిలుకు పడతాయి.

పిల్లలు మార్కుల జాబితా ప్రోగ్రాం రాసేవాళ్లు. సగం పేర్లు ఎక్కించేసరికి తెర మీద ‘నో రూమ్’ అని వచ్చేది. వెంటనే పొదుపు మొదలెట్టేవాళ్లు. వ్యాఖ్యల కోసం రాసిన రెమ్ లైన్లు తీసేసేవాళ్లు, పేర్లు కుదించి వెంకటేశ్వర్లుని వెం.లు చేసేవాళ్లు, మాటల మధ్య ఖాళీలు చెరిపేవాళ్లు. ఇంత చేసినా వచ్చేది రెండు మూడు వందల బైట్లు.

అప్పుడు వాళ్లచేత ఒక లైను కొట్టించేవాణ్ని: ప్రింట్ హైమెమ్ మైనస్ టాప్. ఇంకెంత జాగా మిగిలిందో అంకె వచ్చేది. తర్వాత ఏ మోడ్‌లో ఉన్నారో చూడమనేవాణ్ని. అసలు సంగతి అక్కడుండేది. ఆ యంత్రంలో తెర మీద కనిపించే బొమ్మ కూడా ఆ 32 కేబీలోనే ఉండాలి. రంగులొస్తాయని పిల్లలు మోడ్ 1 పెట్టేవాళ్లు, దానికి తెరే 20 కేబీ మింగేసేది. క్యాసెట్ మీద నడిపే యంత్రంలో సిస్టమ్ వాటా పోను ప్రోగ్రాంకి మిగిలేవి 8,704 బైట్లు. మోడ్ 7 పెడితే తెరకి 1 కేబీ చాలు, 28,160 బైట్లు చేతికొచ్చేవి. మార్కుల జాబితాకి బొమ్మలెందుకు? ఒక్క అంకె మార్చితే వెంకటేశ్వర్లు పేరు మళ్లీ పూర్తిగా రాసుకోవచ్చు.

మీ అమ్మగారు మధ్యాహ్నాలు చేస్తున్నది ఆ రెమ్ లైన్లు తీసే పనే. శుభోదయం బొమ్మ ఒకటి వంద, రెండొందల కేబీ. ఫుల్ హెచ్‌డీలో తీసిన వీడియో నిమిషానికి వంద ఎంబీ పైనే ఉంటుంది. ఒక నిమిషం కోలాటం వీడియోకి ఎన్ని వందల బొమ్మలు తీసేయాలో నువ్వే లెక్క కట్టు. ఆవిడ చూపునీ, ఓపికనీ అలా ఖర్చు పెట్టించడం నాకు బాధగా ఉంది.

కాబట్టి ఏదీ చెరపక ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి సిస్టమ్‌కెంత, వాట్సాప్‌కెంత, వీడియోలకెంత అని కాగితం మీద రాసుకో. ఆ తర్వాత మోడ్ మార్చు. అంటే కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యత (రిజల్యూషన్) 4కె ఉందా, 1080 ఉందా చూసి 720కి దించు. అడుగులు నేర్చుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ మొబైల్ డేటాకీ వైఫైకీ రెండింటికీ ఆపు. అప్పుడు ఆవిడ నొక్కిందే దిగుతుంది, అడగనిది రాదు.

ఇంకొకటి. అమ్మగారు వీడియో తీసి గ్రూపులో పెడుతుందన్నావు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ తాను పంపినదాని నకలు ఇంకోటి దాచుకుంటుంది. ఫైల్స్ యాప్‌లో ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, అలా లోపలికి వెళ్తే వాట్సాప్ వీడియో అనే ఫోల్డర్, దానిలో సెంట్ అనేది కనబడుతుంది. ఆవిడ వీడియోలు ఆ ఫోన్‌లోనే రెండేసి ఉన్నాయన్నమాట.

తణుకు_అమ్మాయి:

మాస్టారూ, మీరు చెప్పినట్టే కాగితం మీద రాశాం. సిస్టమ్ 16 జీబీ, వాట్సాప్ 19, కెమెరా వీడియోలు 17, మిగతావి యాప్‌లు. ఫొటోలన్నీ కలిపి 2 జీబీ కూడా లేవు! సెంట్ ఫోల్డర్‌లో నిజంగానే జడ కోలాటం వీడియోలు మళ్లీ ఉన్నాయి. ఒక్కొక్కటి తెరిచి, కెమెరా ఫోల్డర్‌లో అసలుది ఉందని అమ్మ ఒప్పుకున్నాకే తీసేశాం. అపార్టుమెంటు గ్రూపు ఒక్కదాన్లోనే 6 జీబీ ఫార్వర్డు వీడియోలున్నాయి. అవి తీసెయ్యమని అమ్మే చెప్పింది. బ్యాంకు యాప్ అప్‌డేట్ అయింది.

ఒక సందేహం. కెమెరా వీడియోలు గూగుల్ ఫొటోస్‌లో పెట్టి ఫోన్‌లోవి చెరిపేయొచ్చా?

స్పెక్ట్రమ్_బాబాయి:

మాస్టారి మోడ్ 7 మాట చదివి ప్రాణం లేచొచ్చింది. మా పెదనాన్న లండన్ నుంచి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ తెచ్చారు, 48 కేబీది, రబ్బరు మీటలు. నేనప్పుడు తొమ్మిదో తరగతి, విశాఖలో. ఆట ఒకటి క్యాసెట్ నుంచి ఎక్కాలంటే అయిదు నిమిషాలు, తెర అంచున పసుపు నీలం చారలు పరుగెత్తేవి. చివర్లో టేప్ లోడింగ్ ఎర్రర్ వస్తే చిన్న స్క్రూడ్రైవర్‌తో టేప్ హెడ్ మర కాస్త తిప్పి మళ్లీ మొదలు.

దాని బేసిక్ భాషలో ప్రోగ్రాం రాస్తే, ఏ అంకె రాసినా వెనకాల కనిపించకుండా ఇంకో ఆరు బైట్లు పట్టేది. అందుకని సున్నా రాయాల్సిన చోట నాట్ పై అని కొట్టేవాళ్లం. పై అంటే లెక్కల్లో వచ్చే 3.14. సున్నా కానిదాని ముందు నాట్ పెడితే సున్నా వస్తుంది గనక నాట్ పై అంటే సున్నా. రెండూ ఒక్క మీట మాటలే కాబట్టి ఏడు బైట్ల పని రెండు బైట్లలో అయిపోయేది. ఒకటికి ఎస్‌జీఎన్ పై, మూడుకి ఇంట్ పై. ఆ పద్ధతి ఒక ఇంగ్లీషు పత్రికలో చూసి నోటుబుక్కులో ఎక్కించుకున్నాను, అది ఇప్పటికీ నా దగ్గరుంది. కళ్లకి కనిపించనిదే ఎక్కువ చోటు తింటుందని నాకు అప్పుడే తెలిసింది. మీ సెంట్ ఫోల్డర్ కూడా అలాంటిదే.

తెనాలి_లెక్కల_మాస్టారు:

బాబూ, నాట్ పై సంగతి నేను వినలేదు, చాలా బాగుంది. మా బీబీసీలో సున్నా మామూలుగానే రాసుకునేవాళ్లం.

అమ్మాయీ, నీ సందేహానికి వస్తాను. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది మెయిల్‌కీ డ్రైవ్‌కీ కలిపి. వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు దాన్లోంచే పోతుంది. మీ 17 జీబీ అందులో పట్టదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బ్యాకప్ ఆన్‌లో ఉండగా ఆ యాప్‌లో వీడియో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, గూగుల్‌లోనూ పోతుంది. ఫోన్‌లోది మాత్రమే పోవాలంటే అందులోనే ‘ఫ్రీ అప్ స్పేస్’ అని విడిగా ఉంటుంది, అది వాడాలి. బ్యాకప్ అయినదాన్ని పొరపాటున చెరిపితే బిన్‌లో 60 రోజులుంటుంది, బ్యాకప్ కానిదైతే 30 రోజులే. ఇది అమ్మగారికి దగ్గర కూర్చుని చూపించు.

మా బడిలో పాఠం మధ్యలో కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోయేది. అందుకని పిల్లలు రాసిన ప్రతి ప్రోగ్రాం రెండు క్యాసెట్లలో ఎక్కించి, టేప్‌రికార్డర్ కౌంటర్ అంకెని అట్ట మీద రాసేవాళ్లం. ఒకటి బీరువాలో, ఒకటి హెడ్‌మాస్టరు గారి గదిలో. క్యాసెట్ నలిగినా పిల్లవాడి పని పోకూడదని నాకు పట్టుదల. కోలాటం వీడియోల విషయంలోనూ నాకదే పట్టుదల.

ఫోన్‌కి నేరుగా గుచ్చే పెన్‌డ్రైవ్ 64 జీబీది ఒకటి కొను. వీడియోలన్నీ దానికి కాపీ చెయ్యి, కట్ కాదు. తేదీ పేర్లు తీసేసి ‘జడ అల్లడం’, ‘జడ విప్పడం’, ‘రెండో వరస తిరుగుడు’ అని అమ్మగారు పిలుచుకునే పేర్లే తెలుగులో పెట్టు. నాలుగైదు తెరిచి చివరిదాకా ఆడించి చూశాక, వాటినే నీ ల్యాప్‌టాప్‌లో కూడా దించుకో. రెండు చోట్లా ఉన్నాయని తేలాకే, ఫోన్‌లో ఇప్పుడు సాధన చేస్తున్న వాటిని ఉంచి మిగతావి తీసెయ్యి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. మీ వీడియోల్లో అంత పెద్దది ఉండదు గనక దిగులు పడక్కర్లేదు.