నిండు లోడుతో సెడాన్ నడుం గీసుకుంటోంది: తప్పు ముందు డ్రైవ్‌దేనా?

నాగావళి_రాయగడ:
నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ సెడాన్, ముందు చక్రాల డ్రైవ్ (ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే), టైర్లు 185/65 ఆర్15. కంపెనీ లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) 163 మి.మీ. ఒక్కరే ఉంటే ఎక్కడా తగలదు. అయిదుగురు ఎక్కి, డిక్కీలో 60 కేజీల సామాను పడితే మాత్రం రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లేసరికి ఊరూరా స్పీడ్ బ్రేకర్ల మీద నడుం గీసుకుంటుంది. మెకానిక్ మాట: "ముందు డ్రైవ్ బళ్లు ఇంతే, వెనక డ్రైవ్ సెడాన్ అయితే తగలదు." వెనక స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు, ముందు స్ట్రట్ల (స్ప్రింగు, షాకప్ కలిసిన కాళ్లు) మీద ఎత్తు పెంచే 25 మి.మీ. స్పేసర్లు పెట్టేద్దాం అంటున్నాడు. పెట్టించవచ్చా?

వంశధార_గుణుపురం:
ఎత్తు గురించి ఆయన చెప్పింది సరికాదు. ముందు డ్రైవ్‌లో ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (కుడి ఎడమ చక్రాలకి తిప్పుడు పంచే గేర్లు) అన్నీ బానెట్ కిందే సర్దుకుంటాయి. నడుం కింద సైలెన్సర్ పైపు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందున్న ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాలకి చేర్చే పొడవాటి గొట్టం) నడిచేది వెనక డ్రైవ్‌లోనే. దానికోసం సీట్ల మధ్య నేలని గుట్టలా పైకి లేపుతారు కాబట్టి అక్కడా బండి కిందికి దిగదు.

అసలు గొడవ బరువు పంపకంలో ఉంది. ఖాళీ బండి 920 కేజీలు, ముందు 60 శాతం అనుకుందాం: ముందు 552, వెనక 368. మనిషికి 65 కేజీల లెక్కన అయిదుగురు, పైన సామాను, మొత్తం 385 కేజీలు. ఇందులో ఇంచుమించు 290 వెనక చక్రాల మీదే పడుతుంది. డిక్కీ సామాను వెనక ఇరుసు దాటి ఉంటుంది గనక తన బరువుకి మించి వెనక్కి తొక్కుతుంది, ముందుని కాస్త లేపుతుంది కూడా. అంటే 368 మోసే స్ప్రింగులు ఒక్కసారిగా 658 మోయాలి, దాదాపు 80 శాతం ఎక్కువ. బరువు చెరిసగం పంచుకున్న 1600 కేజీల వెనక డ్రైవ్ బండిలో అదే లోడు 800ని 1090 చేస్తుంది, పెరిగింది 36 శాతం.

అందుకే ముందు డ్రైవ్ బళ్ల వెనక స్ప్రింగులు రాజీ బేరం. గట్టిగా పెడితే ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎగిరెగిరి పడుతుంది, మెత్తగా పెడితే నిండా ఎక్కినప్పుడు కూలబడుతుంది. చక్రం దగ్గర మి.మీ.కి 2.5 కేజీల గట్టిదనం అనుకుంటే వెనక 58 మి.మీ., ముందు 19 మి.మీ. దిగుతుంది. సగటున నడుం 38 దిగి, మీ 163 కాస్తా 125 అవుతుంది.

ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం కట్టిన బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. 2.6 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండి దాని మీద పూర్తిగా నిలబడితే నడుం దగ్గర పోయేది 50 మి.మీ.లే. అది తగలదు. తగిలేది ఊళ్లో వాళ్లు సిమెంటుతో అడుగు వెడల్పున, జానెడు ఎత్తున పోసిన గట్లే. వాటి ముందు ఏ డ్రైవ్ అయినా ఒకటే.

మహేంద్రతనయ:
పాత వెనక డ్రైవ్ బళ్ల మాట కూడా వచ్చింది కాబట్టి ఒక ముక్క. అంబాసిడర్‌లో వెనక కమాన్ కట్టల మీద ఇరుసు గొట్టం అడ్డంగా ఉంటుంది, దాని నడుమ డిఫరెన్షియల్ గుండు. ఆ గుండు చక్రాలతోపాటే ఉంటుంది కాబట్టి కమాన్లకి ఎన్ని పట్టీలు కలిపినా బాడీ లేస్తుంది, గుండు లేవదు. దాన్ని పైకెత్తేది పెద్ద టైరు ఒక్కటే. మంచి వైపు ఏమిటంటే లోడు ఎక్కినా అది దిగదు. ఇప్పటి బీఎండబ్ల్యూ లాంటి వాటిలో డిఫరెన్షియల్ బాడీ వైపు సబ్‌ఫ్రేముకి (బాడీ అడుగున బిగించే చిన్న చట్రం) బిగించి ఉంటుంది, స్ప్రింగు లేస్తే అదీ లేస్తుంది. అలాంటి సెడాన్‌లనే నాలుగు చక్రాల డ్రైవ్ చేస్తే, ముందు చక్రాలని తిప్పే షాఫ్టులు ఇంజన్ చాంబర్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పక్కనుంచే దూరాలి. అందుకే వాటిలో కొన్ని రెండు చక్రాల డ్రైవ్ తోబుట్టువుల కంటే కాస్త ఎత్తుగా ఉంటాయి.

మీ మెకానిక్‌కి ఒక్క విషయంలో మార్కులు వెయ్యాలి. సుంకి ఘాట్ కొండ దారిలో వానలో, నిండు లోడుతో, కంకర మీద ఆగి మళ్లీ ఎక్కించాలంటే ముందు డ్రైవ్ చక్రాలు జర్రున తిరుగుతాయి. పైన లెక్కలో ముందు వాటా 60 నుంచి దాదాపు 50 శాతానికి పడిపోయింది చూడండి.

వంశధార_గుణుపురం:
స్పేసర్ల సంగతి. ముందు స్ట్రట్ మీద 25 మి.మీ. పెడితే ముక్కు దాదాపు అంతా లేస్తుంది, నడుం లేచేది 12 మాత్రమే. పైగా గేర్‌బాక్స్ వైపు పొట్టి ఆక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) 400 మి.మీ. అనుకుంటే దాని వంపు 3.5 డిగ్రీలు పెరుగుతుంది. మొదట ఆక్సిల్ జాయింటు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు కారిపోతుంది, తర్వాత జాయింటు కటకటమంటుంది. హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, అలైన్‌మెంట్ తప్పుతుంది. ఇది వద్దు.

వెనక టార్షన్ బీమ్‌కి (రెండు వెనక చక్రాలని కలిపే అడ్డ దూలం) ఆక్సిల్ బాధ లేదు. అయినా రబ్బరు బఫర్ చేసే పని ఒకటి రెండు చుట్లని కదలకుండా పట్టుకోవడం. మిగతా చుట్ల మీద ఒత్తిడి పెరిగి అక్కడే విరుగుతాయి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) లేని పాత బండి అయితే ఇరుసుకి లింకుతో తగిలించిన బ్రేకు వాల్వు ఉందేమో చూడండి. వెనక లేస్తే అది బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది.

ముందు టేపు పట్టండి. చక్రం నడుమ నుంచి ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా నాలుగు వైపులా, ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి. ఒకే ఇరుసు మీద కుడి ఎడమల తేడా 10 మి.మీ. దాటితే స్ప్రింగు చచ్చిందో విరిగిందో అయి ఉంటుంది, జతగా మార్చండి. షాకప్‌లు మారిస్తే ఎత్తు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అవి ఊగుడుని ఆపుతాయంతే. కానీ అరిగినవైతే గట్టు దిగేటప్పుడు బండి ఇంకా కుంగుతుంది.

నాగావళి_రాయగడ:
కొలిచాను. వెనక ఎడమ వైపు కుడి కంటే 14 మి.మీ. తక్కువ. టైరు 195/65 వేస్తే?

వంశధార_గుణుపురం:
దొరికిందిగా! మొదట వెనక స్ప్రింగుల జత, బంప్ స్టాపులు (స్ప్రింగు పూర్తిగా నొక్కుకోకుండా ఆపే రబ్బర్లు) మార్చండి. 195/65 ఆర్15తో నికరంగా 6.5 మి.మీ. ఎత్తు, స్పీడోమీటర్‌లో 2 శాతం తేడా. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఫెండర్ లైనరుకి (చక్రం పైన లోపలి తొడుగు) టైరు రాసుకుంటుందేమో చూడండి. గాలి మాత్రం తలుపు స్టిక్కర్ మీద ఫుల్ లోడుకి రాసినంత పట్టించండి. గట్టు దగ్గర ముందు చక్రం ఎక్కేలోపే బ్రేకు వదిలెయ్యండి, పట్టి ఉంచితే ముక్కు కిందికి వంగే ఉంటుంది.