అప్‌డేట్: జిమ్ లెక్కలు పుస్తకంలో రాయడం మొదలుపెట్టి 3 నెలలు

జిమ్‌లో పోయినసారి ఎంత ఎత్తానో గుర్తుండట్లేదు, యాప్ వాడాలా, పుస్తకంలో రాయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ముందు యాపే వాడాను, కానీ సెట్ అయ్యాక ఫోన్ తీస్తే వాట్సాప్‌లోకి వెళ్లిపోయి 3 నిమిషాల రెస్ట్ కాస్తా 10 అయ్యేది. అందుకే ఇప్పుడు చిన్న నోట్‌బుక్. "స్క్వాట్ 40: 5, 5, 4", అంతే రాస్తా. అంటే 40 కిలోలతో స్క్వాట్ (భుజాల మీద రాడ్ పెట్టుకుని కూర్చుని లేవడం) మూడు సెట్లు, వరుసగా 5, 5, 4 రెప్స్ (సార్లు) అని.

వారానికి 3 రోజులు. స్క్వాట్ ఖాళీ రాడ్‌తో, అంటే 20 కిలోలతో మొదలుపెట్టి, 5 రెప్స్ చొప్పున 3 సెట్లూ పూర్తయితేనే బరువు పెంచుతూ 60కి వచ్చాను. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు మానేశాక (అరిసెల సంగతి అడక్కండి) 55కి దించి మళ్లీ ఎక్కించాను.

బెంచ్ (పడుకుని రాడ్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం) మాత్రం 40 దగ్గర మూడు వారాలు కదల్లేదు. నాలో బలం లేదేమో అనుకున్నా గానీ, పుస్తకం వెనక్కి తిప్పితే అసలు విషయం తెలిసింది. మా జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు రెండున్నర కిలోలది, రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది, అది నాకు ఎక్కువ. 1.25 కిలోల ప్లేట్లు ఒక జత కొని బ్యాగులో మోస్తున్నా. అక్కడివాళ్లు నవ్వారు, నవ్వనీ, బెంచ్ 45 అయింది.

అప్పుడు నిద్ర కూడా రాయమని చెప్పిన అన్నకి థ్యాంక్స్, రెప్స్ తగ్గిన రోజులన్నీ నైట్ షిఫ్ట్ తర్వాతి రోజులే.

ఇప్పుడు డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి రాడ్ ఎత్తడం) 80 కిలోల దగ్గర నడుము బాగానే ఉంది గానీ చేతిలోంచి రాడ్ జారుతోంది. స్ట్రాప్స్ (చేతిని రాడ్‌కి చుట్టే పట్టీలు) కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?