చక్రం నట్లకు చివరి బిగింపు గన్నుతోనా, చేతి పానాతోనా?

పెన్న ఒడ్డు (అనంతపురం):
పోయిన ఆదివారం నా భార్య గుత్తి నుంచి ఒంటరిగా కారులో వస్తుండగా పామిడి దాటాక వెనుక ఎడమ టైరు పంక్చర్ అయింది. స్టెప్నీలో గాలి ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్లు మాత్రం కదలలేదు. పానా మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడినా ఒక్కటీ తిరగలేదట. జాతీయ రహదారి మీద లారీలు పక్క నుంచి దూసుకుపోతుంటే ముప్పావు గంట అలాగే ఉండిపోయింది. చివరికి ఒక లారీ డ్రైవరు ఆగి, పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పాడు. నాలుగు నట్లు పెద్ద చప్పుడుతో వదిలాయి. అయిదోది స్టడ్డుతో (నట్టు ఎక్కే మరమేకుతో) సహా తెగి అతని చేతిలోకి వచ్చింది.

ఆ టైర్లు నెల క్రితం ఊళ్లోనే ఒక షాపులో వేయించాను. షాపు పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క చోట జరిగే పని కాదు. అక్కడి కుర్రవాడు నట్టు పూర్తిగా కూర్చున్నాక కూడా నట్లు బిగించే గన్ను యంత్రాన్ని తీయకుండా నాలుగైదు సెకన్లు కొడుతూనే ఉన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆపమని అనలేదు. అది నా తప్పే.

లెక్క చూడండి. మాది కియా. దాని పుస్తకంలో చక్రం నట్టుకు 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) అని రాసి ఉంది. డిక్కీలో ఉన్న పానా పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. 55 కిలోల మనిషి దాని చివర నిలబడితే వచ్చేది దాదాపు 135. అంటే పుస్తకం ప్రకారం బిగించిన నట్టును ఆమె విప్పగలగాలి. విప్పలేకపోయిందంటే అది ఎంత బిగుసుకుందో ఊహించండి. సాకెట్టు తొడిగే కొన అర అంగుళం ఉండే గన్నుల్లో ఐదారు వందల న్యూటన్ మీటర్లు ఇచ్చేవి మామూలే. నా మాట ఒక్కటే: గన్ను నట్టును విప్పడానికి, తిప్పి కూర్చోబెట్టడానికి. చివరి బిగింపు టార్క్ రెంచితోనే, అంటే కావలసిన అంకె పెట్టుకుంటే అంత బిగువు రాగానే టక్కుమనే పానాతోనే జరగాలి. ఒప్పుకోనివారు కారణం చెప్పండి.

బురుజు దగ్గర టైర్లు (కర్నూలు):
మీ ఇంట్లో వారికి జరిగిన దానికి బాధగా ఉంది అన్నా. కానీ తప్పు గన్నుది కాదు, పట్టుకున్న చేతిది. నేను పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. గన్నుకు పవరు తగ్గించే మీట ఉంటుంది. విప్పేటప్పుడు ఎక్కువలో, బిగించేటప్పుడు అన్నిటికన్నా తక్కువలో పెట్టాలి. నట్టు కూర్చున్న చప్పుడు రాగానే వేలు తీసేయాలి. ఆ తరువాత జాకీ దించి ఎల్ పానాతో ఒకసారి చేత్తో చూడాలి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పేది ఇదే.

ఇంకో మాట. నా షాపుకు బిగుసుకుపోయిన నట్లతో వచ్చే కార్ల కంటే వదులు నట్లతో వచ్చేవే నన్ను ఎక్కువ భయపెడతాయి. దారిలో సొంతంగా చక్రం మార్చుకుని, కారు ఇంకా జాకీ మీద ఉండగానే నాలుగు తిప్పులు తిప్పి బయలుదేరతారు. యాభై కిలోమీటర్లు పోయేసరికి స్టీరింగు వణుకుతుంది. ఒకాయన వెల్దుర్తి నుంచి అలాగే నడుపుకుంటూ వచ్చాడు. చక్రం ఊడదీస్తే రిమ్ము రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నాయి. బిగువు ఎక్కువైతే విప్పడం కష్టం, అంతే. తక్కువైతే ప్రాణం పోతుంది.

డిపో గ్యారేజీ (అనంతపురం):
ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ని. బండి డ్యూటీకి వెళ్లే ముందు చిన్న సుత్తితో ఒక్కో నట్టును తట్టేవాళ్లం. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఆ చప్పుడు చెవికి పట్టాక యంత్రం అవసరం రాలేదు. ఇప్పటికీ నా కారుకు పానా పెట్టి, కాలితో ఒక్కసారి గట్టిగా నొక్కుతాను. ఇంతవరకు ఒక్క స్టడ్డూ తెగలేదు. రెండు మూడు వేలు పెట్టి రెంచి కొనడం కన్నా చేతికి పని నేర్పడం మేలు బాబూ.

పెన్న ఒడ్డు:
పెద్దవారు, మీ చెవిని నేను కాదనను. వదులు నట్టును అది పట్టేస్తుంది. కానీ ఎక్కువ బిగిసిన నట్టు కూడా ఖంగుమనే పలుకుతుంది కదా. అక్కడే నా సందేహం. మీ బరువు 75 కిలోలు అనుకుందాం. 30 సెంటీమీటర్ల పానా చివర బరువంతా వేస్తే 220 న్యూటన్ మీటర్లు. పుస్తకంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. బస్సు స్టడ్డు లావు వేరు, అది తట్టుకుంటుంది. మా కారు స్టడ్డు మందం 12 మిల్లీమీటర్లే.

స్టడ్డు సాగితేనే నట్టు పట్టుకుంటుంది. బిగించినప్పుడు అది స్ప్రింగులా కొద్దిగా సాగి, మళ్లీ వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్బుకు (చక్రం కూర్చునే దిమ్మకు) అదిమి పెడుతుంది. హద్దు దాటి సాగితే ఆ లాగే గుణం పోతుంది. అంటే అతిగా బిగించిన నట్టు కొన్నాళ్లకు వదులవుతుంది కూడా. కర్నూలు అన్న చెప్పిన రెండు ప్రమాదాలకూ మూలం ఒకటే కావచ్చు.

పాలకొండ దారి (కడప):
నేను టీచరును. రోజూ గువ్వలచెరువు ఘాటు మీదుగా వెళ్లి వస్తాను. మీరంతా షాపులో ఏం జరగాలో వాదిస్తున్నారు. ఘాటులో టైరు పోతే నా పక్కన షాపు ఉండదు, డిక్కీలో ఉన్నదే ఉంటుంది. కాబట్టి దాని గురించి చెబుతాను.

కంపెనీ ఇచ్చిన పొట్టి పానా నాకు పనికిరాలేదు. చవకగా దొరికిందని మొదట ఒక బాక్సు పానా కొన్నాను. దాని లోపల పన్నెండు మూలలు ఉన్నాయి. పెట్టడం సులువే, కానీ బలం వేయగానే జారి నట్టు అంచును గీకేసింది. వేలితో తడిమితే నట్టు ఆరు మూలల్లో రెండు గుండ్రంగా తగిలాయి. లోపల ఆరు మూలలున్న పానా అయితే నట్టు పలకలను వెడల్పుగా పట్టుకుంటుంది, జారదు. కొలత కూడా కచ్చితంగా ఉండాలి. మా స్విఫ్ట్‌కు 19 మిల్లీమీటర్ల పానా, మా అన్నయ్య హ్యుందాయ్‌కు 21. 19 నట్టుకు 21 పానా పెట్టి గుడ్డ ముక్క దూర్చి తిప్పేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

ఇప్పుడు ప్లస్ ఆకారపు పానా పెట్టుకున్నాను. ఒక చేత్తో పైకి, ఇంకో చేత్తో కిందికి తిప్పుతాను కాబట్టి బలం రెండు వైపులా సమానంగా పడుతుంది, పానా పక్కకు ఒరగదు. దానితో పాటు 60 సెంటీమీటర్ల పొడుగు రాడ్డు ఒకటి. దాని చివర 17 కిలోల బలం వేస్తే వంద న్యూటన్ మీటర్లు వస్తుంది. ఆ మాత్రం నా చేతుల్లో ఉంది. కానీ ఆ రాడ్డు విప్పడానికే. దానితో బిగిస్తే ఎంత దాటిపోయామో తెలియదు. టైర్లు మార్పించిన ప్రతిసారీ ఇంటికి రాగానే ఒక్కో నట్టును విప్పి చూసుకుంటాను. నా చేతికి రాకపోతే వెంటనే షాపుకు తిరిగి వెళతాను.

రింగు రోడ్డు (కర్నూలు):
ఇంత ఆలోచన ఎందుకు? స్టడ్డుకు కాస్త గ్రీజు రాస్తే ఎంత బిగించినా సులువుగా వదులుతుంది.

బురుజు దగ్గర టైర్లు:
ఈ ఒక్క పని చేయవద్దు తమ్ముడూ. మనం వేసే బలంలో ఎక్కువ భాగం స్టడ్డు మీది మరచుట్ల దగ్గర, నట్టు కూర్చునే చోట రాపిడికే పోతుంది. స్టడ్డును సాగదీసేది సుమారు పదోవంతే. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు ఇంకా ఎక్కువ సాగుతుంది. పుస్తకంలో అంకె పొడి మరచుట్లకు ఇచ్చింది. తుప్పు ఉంటే వైరు బ్రష్షుతో రుద్ది తుడిచి పెట్టండి, చాలు.

పెన్న ఒడ్డు అన్నకు కూడా ఒక మాట. రెంచి కొంటున్నారు కదా. గన్నుతో బిగించిన నట్టు మీద దాన్ని పెడితే వెంటనే టక్కుమంటుంది. సరిపోయిందని అనుకుంటారు. అప్పటికే 300 ఉన్నా అది టక్కుమనే అంటుంది. తక్కువను పట్టుకుంటుంది తప్ప ఎక్కువను చెప్పదు.

పెన్న ఒడ్డు:
ఇది నాకు తట్టలేదు అన్నా. మీరు చెప్పకపోయి ఉంటే నేను సరిగ్గా అదే చేసేవాణ్ని. మీ మాట చదివాక నిన్న నాలుగు చక్రాల నట్లూ విప్పాను. ముందు కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసి, తరువాత జాకీ ఎత్తాను. ప్రతి నట్టునూ మొదట వేళ్లతోనే ఎక్కించాను. వంకరగా ఎక్కితే వేలికే తెలిసిపోతుంది, గన్నుకు తెలియదు. టైరు నేలను తాకేలా దించి, పక్కపక్కవి కాకుండా నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి, మొదట 60కి, తరువాత 115కి బిగించాను. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే ఇరవైలో మూడు కొద్దిగా తిరిగాక టక్కుమన్నాయి.

రెంచిని విప్పడానికి వాడకూడదని, పని అయ్యాక అంకెను అన్నిటికన్నా కిందికి తిప్పి పెట్టాలని కూడా తెలుసుకున్నాను. లోపలి స్ప్రింగు బిగువుగా ఉండిపోతే కొలత తప్పుతుందట.

డిపో గ్యారేజీ:
220 లెక్క కాగితం మీద వేసి చూశాను. నువ్వు చెప్పింది సరిపోయింది. కానీ నేను బరువంతా వేయను బాబూ, ఒక కాలు మోపుతానంతే. ఎంత మోపుతానో నాకు తెలుసు. అది ఇంకొకరికి మాటల్లో చెప్పలేను, అది మాత్రం నిజం.

పాలకొండ దారి:
చెప్పలేనిది మా చేతికి ఎలా వస్తుంది సార్? అందుకే మాకు అంకె కావాలి.

బురుజు దగ్గర టైర్లు:
నా దగ్గర రెంచి ఉంది మేడమ్, అడిగినవారికి దానితోనే బిగిస్తాను. అడిగేవారు నెలకు ఇద్దరు ముగ్గురు. మిగతావారు త్వరగా పంపమంటారు. రోజుకు ముప్పై బండ్లకు నక్షత్రం గీసి రెండు విడతలుగా బిగించాలంటే ఇంకో మనిషి కావాలి. ఆ కూలి ఎవరు ఇస్తారో చెప్పండి, రేపటి నుంచే మొదలుపెడతాను.

పెన్న ఒడ్డు:
చక్రానికి ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకోండి. బోర్డు మీద రాసి పెట్టండి. నేను కర్నూలు వచ్చినప్పుడు ఇస్తాను.